పుంజు కాచిన దొడ్డి

వేపాకు, పొయ్యిబూడిద, ఎండుగడ్డి కలిసిన వాసన ఎక్కడైనా తగిలితే ఆ దాపుల్లో కోడి పొదుగు మీద ఉందని అర్థం. ఈ మధ్య జంగారెడ్డిగూడెం దాటాక ఒక మెట్ట ఊళ్లో, పెంకుటింటి చూరు కింద ఆ వాసన వచ్చింది. 2022 దాకా పశ్చిమ గోదావరి, ఇప్పుడు ఏలూరు జిల్లా. జొన్న, పొగాకు, జీడిమామిడి పండే నేల. చెరువు కింద మాత్రం కాస్త వరి. ఆ ఊళ్లలో ఒకప్పుడు ఇంటింటికీ దొడ్డి, దొడ్డిదొడ్డికీ ఒక పుంజు, దాని వెనక ఎనిమిదో పదో పెట్టలు ఉండేవి.

దారిన పోయేవాళ్లకు ఆ కోళ్లు వాటి పాటికవి తిరుగుతున్నట్టే కనపడేవి. కానీ పొద్దున గూడు పలక తీసిన దగ్గర్నుంచి మునిమాపు వేళ లెక్కపెట్టి మళ్లీ పలక వేసేదాకా ఇంటి ఆడవాళ్ల కన్నూ చెవీ వాటి మీదే ఉండేవి. సగం కాపలా పుంజుది, సగం మామ్మలది. ఆ మామ్మల్లో చాలామంది ఇప్పుడు లేరు. వాళ్లకు తెలిసిన పని ఎక్కడా రాసిపెట్టి లేదు. గుర్తున్నంతవరకు ఇక్కడ పెడుతున్నాను.

గూడు

అరుగు కిందో, ధాన్యం గాదె కిందో, పశువుల పాక గోడకు ఆనించో గూడు కట్టేవారు. పది కోళ్లకు నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, నిలబడితే పుంజు తురాయి తగలనంత ఎత్తు. అడుగున రాతిపలక, లేకపోతే గట్టిగా దిమ్మిస కొట్టిన మట్టి. నేలకంటే జానెడు ఎత్తులో ఉండాలి. వాన నీళ్లు గూట్లోకి వచ్చాయంటే కోళ్లకు రొంప తప్పదు. గాలికి గోడలో సందులు వదిలేవారు గానీ రెండు వేళ్లకు మించి పట్టనిచ్చేవారు కాదు. అంతకంటే పెద్దదైతే ముంగిస దూరుతుంది. ముంగిస ఒక కోడితో ఆగదు, గూట్లో ఉన్నవాటన్నిటి మెడలూ కొరికిపోతుంది.

లోపల మణికట్టు లావు కర్ర ఒకటి అడ్డంగా. కోడి నేలమీద కంటే కర్రమీద నిద్రపోవడానికే ఇష్టపడుతుంది. సన్న కర్రైతే దానికి పట్టు చిక్కదు. కింద ఊక, బూడిద కలిపి పరిచేవారు. వారానికోసారి ఆ పెంటను ఎత్తి గోతిలో వేసి మాగనిచ్చేవారు. పచ్చి కోళ్లపెంట నేరుగా వేస్తే వంగమొక్క మాడిపోతుంది. మాగినదాన్ని బీరపాదుకు వేస్తే ఆ కాపే వేరు.

సంక్రాంతికి ముందొకసారి, ఎండాకాలం మొదట్లో ఒకసారి గూటికి సున్నం కొట్టేవారు. గోడ పగుళ్లలో ఇంకా చిక్కగా పూసేవారు. పగలంతా ఆ పగుళ్లలో దాక్కుని రాత్రి బయటికొచ్చి కోడి రక్తం తాగే ఎర్ర నల్లులు ఉంటాయి. పగలు కోడిని ఎంత వెతికినా ఒక్కటీ దొరకదు. తురాయి పాలిపోయి, పొద్దుగూకినా పెట్ట గూట్లోకి రావడానికి మొరాయిస్తోందంటే నల్లులు పట్టాయని మామ్మలు పట్టేసేవారు. చీకటిపడ్డాక దీపం తీసుకుని కర్ర అడుగుభాగం చూస్తే గుంపుగా కనపడేవి.

తొలికోడి, మలికోడి

తొలికోడికి లేచి కళ్లాపి చల్లేవారు. మలికోడికి బళ్లు కట్టేవారు. వీధిలో పది పుంజులుంటే ఫలానావాళ్ల ముసలి పుంజే ముందు కూస్తుందని, మిగతావి దాని వెనక అందుకుంటాయని అందరికీ తెలుసు. జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో ఒక సంగతి తేల్చారు. పుంజును మసక వెలుతురులో ఉంచి పొద్దు తెలియకుండా చేసినా దాని ఒంట్లోని గడియారం వేళకు కూయిస్తుంది. తర్వాత 2015లో, గుంపులో పెద్దరికం ఉన్న పుంజు ముందు కూస్తుందని, మిగతావి వాటి వాటి అంతస్తు ప్రకారం ఆగుతాయని చూపించారు. మెట్ట ఊళ్ల ఆడవాళ్లు ఆ మాట విని ఆశ్చర్యపోరు.

పుంజు కూసినా గూడు వెంటనే తెరిచేవారు కాదు. బావురుపిల్లి తెల్లారే దాకా గడ్డిమేటు చాటున ఉంటుంది. వెలుగు బాగా వచ్చాక పలక తీసి, బయటికొచ్చే ఒక్కొక్క పెట్టను పట్టుకుని వెనకభాగం వేలితో తడిమి చూసేవారు. గుడ్డు తగిలితే దాన్ని గంప కింద మూసేవారు, లేదా గుడ్లు పెట్టే బుట్టున్న గదిలోకి తోలేవారు. అలా చేయకపోతే అది గడ్డిమేటులోనో కంప చాటునో పెట్టి వస్తుంది. ఇవ్వాళ పొద్దున్నే పెట్టిన పెట్ట రేపు ఇంకాస్త ఆలస్యంగా పెడుతుంది. అలా జరుగుతూ జరుగుతూ సాయంత్రం దాకా వచ్చాక ఒకరోజు మానేస్తుంది. గుడ్డు తయారవడానికి రోజు మీద కాస్త ఎక్కువే పడుతుంది మరి. ఏ పెట్ట ఎన్నో గుడ్డులో ఉందో, ఇవ్వాళ ఏ వేళకు పెడుతుందో కాగితం లేకుండా చెప్పగలిగేవారు.

తర్వాత మేత. "బో... బో... బో..." అని పిలిచి కోడికో గుప్పెడు జొన్నలో నూకలో చల్లేవారు. తూస్తే ముప్పై నలభై గ్రాములు, అంతే. పొద్దున్నే కడుపునిండా పెడితే కోళ్లు గుమ్మం దగ్గరే కూర్చుంటాయి. పెంటపోగు కెలకవు, కళ్లంలో రాలిన గింజ ఏరుకోవు. పెట్ట కొవ్వెక్కి గుడ్లు తగ్గిస్తుంది. సాయంత్రం ఇంకో అరగుప్పెడు. ఆ అరగుప్పెడే వాటిని ఇంటికి రప్పించేది. ఏ ఊరు తిరిగినా పొద్దు వాలేసరికి ఆ పిలుపుకు వచ్చేవి.

చెరువుగట్టున దొరికే నత్తగుల్లల్ని నలగ్గొట్టి ఒక పెంకులో పెట్టేవారు. సున్నం తక్కువైతే పెట్ట తోలుగుడ్డు పెడుతుంది. అది కాలికింద చిదుగుతుంది. చిదిగినదాన్ని రుచి చూసిన పెట్ట మంచి గుడ్డును కూడా పొడవడం మొదలెడుతుంది. ఒకటి మొదలెడితే మిగతావీ నేర్చుకుంటాయి. గుడ్డుపెంకులే వేయాలనుకుంటే పెనం మీద వేడిచేసి మెత్తగా నలిపి వేసేవారు, గుడ్డు అని పోల్చుకోకుండా.

పుంజు చేసే పని

మంచి పుంజును గింజ చల్లి చూసేవారు. గింజ కనపడగానే తాను తినకుండా "కుక్ కుక్ కుక్" అని పెట్టల్ని పిలిచి, ముక్కుతో గింజ ఎత్తి కింద వదులుతూ చూపించే పుంజును ఉంచుకునేవారు. ఒంటరిగా మింగేసేది ఎంత అందంగా ఉన్నా కూరకో సంతకో పోయేది. ఇందులో లెక్క ఉంది. పిలిచే పుంజు చుట్టూ పెట్టలు దగ్గరగా తిరుగుతాయి. దగ్గరగా తిరిగే గుంపులోంచి కోడిని ఎత్తుకుపోవడం కుక్కకూ కష్టమే, గద్దకూ కష్టమే.

రెండో పని కాపలా. పుంజుకు ప్రమాదాన్ని చెప్పే కేకలు రెండు ఉంటాయి. పైన గద్ద తిరుగుతుంటే తల పక్కకు వంచి, ఒక కన్ను ఆకాశం వైపు పెట్టి, సన్నగా సాగదీసి ఒక్క కూత వేస్తుంది. ఆ కూతకు పెట్టలు కంపలోకి దూరతాయి, పిల్లలు ఎక్కడివక్కడే నేలకు అంటుకుపోతాయి. పిల్లో కుక్కో నేలమీద వస్తుంటే గట్టిగా, ఆపకుండా కొక్కరిస్తుంది. అప్పుడు కోళ్లు మెడలు చాచి అటువైపే చూస్తాయి, అవసరమైతే చెట్టెక్కుతాయి. వంటింట్లో ఉన్నావిడ మొదటి కూత వింటే ఆకాశం చూస్తూ బయటికి వచ్చేది, రెండోది వింటే కర్ర తీసుకుని వచ్చేది.

ఒక పుంజు ఎనిమిది పది పెట్టలకు సరిపోతుంది. మూడు నాలుగు పెట్టలే ఉంటే వాటినే మళ్లీ మళ్లీ తొక్కి వీపుమీద ఈకలు ఊడగొడుతుంది. కాలిముల్లు పెరిగిన పుంజైతే చర్మం చీలుస్తుంది. అలాంటప్పుడు ముల్లు కొసను రంపంతో కొద్దిగా కోసి రాయి మీద అరగదీసేవారు. ముల్లు లోపల మొదట్లో ప్రాణమున్న ఎముక ఉంటుంది, అక్కడిదాకా కోస్తే నెత్తురు ఆగదు. అందుకని కొసే.

రంగును బట్టి పుంజుకు పేరు. ఎర్రది డేగ, నల్లది కాకి, తెల్లది సేతువ. వీపుమీద, రెక్కల మీద పసుపు ఈకలు మెరిస్తే నెమలి. మెడ మీద నలుపు తెలుపు కలిస్తే పర్ల. ఇంకా కౌజు, మైల, పింగళ, అబ్రాసు. గోదావరి జిల్లాల్లో చిన్నపిల్లలు కూడా ఈ పేర్లన్నీ చెప్పేవారు. సంక్రాంతి పందేలకు పెంచే అసీల్ పుంజుల లోకం వేరు. దానికి మేత వేరు, మనుషులు వేరు, డబ్బు వేరు. కత్తి కట్టి పక్షుల్ని చంపుకునే ఆ ఆట మీద నాకెప్పుడూ గౌరవం లేదు, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కూడా దాన్ని ఒప్పుకోదు. దొడ్డి పుంజు కొట్లాడటానికి పెరిగింది కాదు.

పొదుగు

అసలు విద్య అంతా ఇక్కడ ఉంది.

నాటు పెట్ట ఒక విడతకు పది నుంచి పదిహేను గుడ్లు పెట్టి ఆగిపోతుంది. తర్వాత బుట్టలోంచి లేవదు. చెయ్యి పెడితే ఈకలు రిక్కించి గుర్రుమంటుంది, పొట్టకింద ఈకలు ఊడిపోయి చర్మం వెచ్చగా తగులుతుంది. అయినా ఆ రోజే మంచి గుడ్లు పెట్టేవారు కాదు. ఒకటి రెండు పనికిరాని గుడ్లు కింద పెట్టి రెండు రోజులు చూసేవారు. రెండు రాత్రులు కదలకుండా కూర్చుంటే పొదుగు నిలిచినట్టు.

ఈలోగా గుడ్లు ఏరేవారు. మరీ చిన్నవి, బాగా కోలగా ఉన్నవి, పెంకు పలచనివి, సన్నని పగులున్నవి పక్కకు. రెండు గుడ్లు మెల్లగా తాకిస్తే పగులున్నది డొల్లగా మోగుతుంది. మట్టి అంటితే పొడిగుడ్డతో తుడిచేవారు, కడిగేవారు కాదు. కడిగితే పెంకు మీది సన్నపొర పోయి లోపలికి చెడు చేరుతుంది. వారం, మహా అయితే పది రోజుల లోపు పెట్టిన గుడ్లే పనికొస్తాయి. వాటిని తవుడు కుండలో సన్నని కొస కిందికి పెట్టి దాచేవారు. ఎండాకాలమైతే కుండను తడి ఇసుక మీద ఉంచేవారు. ఆ వేడికి గుడ్డులో పిండం సగం సగం కదిలి చచ్చిపోతుంది. అందుకే కార్తీకం నుంచి మాఘం దాకా పొదిగించడానికి మంచి రోజులు.

పాత గంపలో మూడు వేళ్ల మందాన ఇసుకా బూడిదా, దానిమీద వేపాకు, పొగాకు కాడలు, దానిమీద ఎండుగడ్డి. కదలకుండా కూర్చున్న కోడికి పేలు పడితే ఒంట్లో నెత్తురు ఉండదు, విసిగిపోయి గుడ్లు వదిలి లేచిపోతుంది. పొగాకు కాడలు అందుకు. పిల్లలు లేచే రోజు దగ్గరపడ్డాక మాత్రం ఆ కాడలు తీసేసేవారు, పసిపిల్లలకు ఆ ఘాటు పడదు. గడ్డిని పిడికిలితో అదిమి మూకుడులా గుంట చేసేవారు. గుంట లోతైతే గుడ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి పగులుతాయి. పల్చగా ఉంటే అంచుకు దొర్లిపోతాయి.

ఎన్ని గుడ్లు? పెట్ట రెక్కలు దించితే ఒక్క గుడ్డూ బయటికి కనపడకూడదు. మామూలు పెట్టకు తొమ్మిది నుంచి పదమూడు. బేసి లెక్కే పెట్టేవారు, అది ఆచారం. ఆశపడి ఇంకో రెండు దూర్చారంటే నష్టం ఆ రెంటితో పోదు. కోడి రోజూ గుడ్లను ముక్కుతో దొర్లిస్తూ అంచువి లోపలికి, లోపలివి అంచుకు మారుస్తుంది. కాబట్టి వంతులవారీగా అన్నీ చల్లబడతాయి. పదిహేను పెడితే నాలుగే లేచిన ఇళ్లు అందుకే ఉండేవి.

చీకటిపడ్డాక గుడ్లు పెట్టేవారు, కోడి చప్పుడు చేయకుండా సర్దుకుంటుంది. ప్రతి గుడ్డుకూ బొగ్గుతో గీత పెట్టేవారు. పక్కపెట్ట వచ్చి అందులోనే కొత్త గుడ్డు పెట్టి పోవడం మామూలే. గీత లేనిది కనపడితే అదే రోజు తీసేయాలి. ఉరుములకు గుడ్లు మురుగుతాయని గంపలో ఇనుపముక్క, బొగ్గు, ఎండుమిరపకాయ వేసేవారు. ఉరుముల కాలంలో గుడ్లు ఎక్కువ మురిగేమాట నిజమే. ఆ ఉక్కకు, తేమకు గుడ్లు దాచిన కుండలోనే సగం పాడయ్యేవి.

రోజుకోసారి పెట్ట దిగి, తిని, నీళ్లు తాగి, మట్టిలో పొర్లి పావుగంట ఇరవై నిమిషాల్లో మళ్లీ ఎక్కుతుంది. దిగనంత పట్టుదల ఉన్న పెట్టలుంటాయి. వాటిని రెండు చేతులతో ఎత్తి దింపాలి. రెక్క కింద గుడ్డు ఇరుక్కుందేమో ముందు తడిమి చూసుకోవాలి, లేకపోతే ఎత్తగానే జారి పడుతుంది. దింపకపోతే గుడ్ల మీదే రెట్ట వేస్తుంది, ఆ తడికి పక్కగుడ్లు కూడా మురుగుతాయి.

ఏడో రోజు రాత్రి గుడ్లు చూసేవారు. చీకటిగదిలో గుడ్డును పిడికిట్లో పట్టి వెనక టార్చిలైటు పెడితే, పిల్ల ఉన్నదాంట్లో నల్లచుక్క, దాని చుట్టూ సాలీడు కాళ్లలా ఎర్ర నరాలు కనపడతాయి. తేటగా ఉంటే పుంజు తొక్కని గుడ్డు, కూరకు పనికొస్తుంది. మసకగా ఎర్ర వలయం ఒక్కటే ఉంటే మొదట్లోనే చచ్చిపోయినట్టు, తీసేయాలి. లేకపోతే లోపల కుళ్లి గంపలో పగిలి మిగతావాటినీ చెడగొడుతుంది. పద్దెనిమిది పంతొమ్మిది రోజులకు గోరువెచ్చని నీళ్ల గిన్నెలో ఒక్కొక్కటీ వదిలేవారు. ప్రాణమున్న గుడ్డు నీళ్లు నిలిచాక చిన్నగా ఊగుతుంది. పిల్లలందరూ గిన్నె చుట్టూ మూగి ఊపిరి బిగబట్టి చూసేవారు. అప్పటికే బొడిపె లేచిన గుడ్డును మాత్రం నీళ్లలో వేయకూడదు.

ఇరవైఒకటో రోజు. ముందురోజు నుంచే గుడ్డులోపల కూత వినపడుతుంది, తల్లి జవాబిస్తుంది. పెంకు పగలడానికి ఒక పూటో ఒక రోజో పడుతుంది. తొందరపడి పెంకు వలిచేవాళ్లను మామ్మలు కసిరేవారు: "ఉండవే పిల్లా, దాని నెత్తురు ఇంకా పెంకులోనే ఉంటదే!" నిజమే, లోపొరలోని నరాలు ఎండక ముందు వలిస్తే నెత్తురు కారి పిల్ల చచ్చిపోతుంది. లేచిన పిల్లకు ఒక రోజంతా మేత అక్కర్లేదు, లోపలి పచ్చసొన పొట్టలోకి పోయి ఉంటుంది. అన్నీ లేచేదాకా తల్లిని కదపకపోవడానికి ఆ వెసులుబాటు సరిపోతుంది.

తెలివైన ఇళ్లలో రెండు పెట్టల్ని ఒకే రోజు కూర్చోబెట్టేవారు. పిల్లలు లేచాక రాత్రిపూట అన్నిటినీ ఒక తల్లి కిందికి చేర్చేవారు. చీకట్లో చేరిస్తే తెల్లారేసరికి తనవే అనుకుంటుంది. పిల్లల్ని సాకే పెట్ట రెండు మూడు నెలలు గుడ్డు పెట్టదు. రెండోది త్వరగా మళ్లీ గుడ్లకు వస్తుంది. పొదిగించడం ఇష్టం లేనప్పుడు పొదుగు మానిపించడానికి పెట్టను నీళ్లలో ముంచేవారు, ముక్కు రంధ్రాల్లో ఈక గుచ్చేవారు. ముంచితే చలిరోజుల్లో రొంప పడుతుంది, ఈక గుచ్చడం హింస. గడ్డి పరచకుండా, గాలి ఆడే కొత్తచోట గంప కింద మూడు నాలుగు రోజులు మూస్తే చాలు. పొట్టకు చల్లగాలి తగిలితే పొదుగు వేడి దిగిపోతుంది.

చెరువు దగ్గరి ఇళ్లలో కోడికింద బాతుగుడ్లు కూడా పెట్టేవారు. అవి లేవడానికి ఇరవైఎనిమిది రోజులు. పాపం పెట్ట ఆ వారం కూడా కూర్చునేది. తీరా పిల్లలు నీళ్లలోకి దిగిపోతే గట్టుమీద అటూ ఇటూ పరుగెత్తుతూ గగ్గోలు పెట్టేది.

పిల్లల కోడి

మొదటి వారం మెత్తని నూకలు, చోళ్లు. నీళ్లు లోతులేని మూతలో పోసి అందులో గులకరాళ్లు వేసేవారు, పిల్ల జారి మునిగిపోకుండా. అన్నిటికంటే బలమైన మేత చెదలు. పాతకుండలో ఎండుపేడ, గడ్డి, గోనెముక్కలు కుక్కి, నీళ్లు చిలకరించి, సాయంత్రం చెదపుట్ట దగ్గర బోర్లించేవారు. తెల్లారి ఎండ ఎక్కకముందే తెచ్చి పిల్లల ముందు దులిపితే తెల్లగా రాలేవి. ఆలస్యమైతే చెదలు మళ్లీ నేలలోకి దిగిపోతాయి. చెదలు తిన్న పిల్లకు రెక్క ఈకలు త్వరగా వచ్చేవి, అది చూసినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మూడు వారాల దాకా గండమే. గద్ద, కాకి, జెముడుకాకి, పిల్లి. పదిలో సగం దక్కితే బాగా దక్కినట్టు. పొద్దున పదింటిదాకా, సాయంత్రం కాసేపు మాత్రమే వదిలి, మిగతా వేళ వెదురుగంప కింద ఉంచిన ఇళ్లలో ఇంకా ఎక్కువ దక్కేవి. వానాకాలంలో తడినేల మీద తిరిగిన పిల్లలకు నెత్తురు పారుడు వస్తుంది. రెక్కలు వేలాడేసి, కళ్లు మూసుకుని ముడుచుకుంటే అదే. రోజూ ఊక మార్చి పొడిగా ఉంచడమే దానికి మొదటి మందు.

కొక్కెర

కొక్కెర అనే కోళ్ల తెగులు ఎండలు ముదిరే రోజుల్లో వచ్చేది. ఊరి చివర ఒక దొడ్లో మొదలై వారం తిరక్కుండా ఊరంతా ఖాళీ చేసేది. కోడి మెడ చాచి నోరు తెరిచి ఎగపీలుస్తుంది, ఆకుపచ్చ తెలుపు కలిసిన రెట్ట వేస్తుంది. బతికినవాటికి కొన్నిటికి మెడ మెలి తిరుగుతుంది. 1920ల చివర్లో, ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని కుమావూ కొండల్లో ఉన్న రాణిఖేత్‌లో గుర్తించారు కాబట్టి పుస్తకాల్లో రాణిఖేత్ జబ్బు అంటారు. వచ్చాక మందు లేదు. ఉల్లి, వెల్లుల్లి, మిరియం నూరి మింగించేవారు. ఆ ముద్ద ఏ కోడినీ కాపాడగా నేను చూడలేదు. చచ్చినవాటిని చెరువులో పారేయడం, భయపడి బతికున్నవాటిని పక్కూరి సంతలో అమ్మేయడం, ఈ రెండే తెగులును ఊరూరా తిప్పాయి.

దీన్ని ఆపేది టీకా ఒక్కటే. పిల్లకు అయిదు నుంచి ఏడు రోజుల్లో కంట్లో ఒక చుక్క, ముక్కులో ఒక చుక్క లసోటా. ఎనిమిది వారాలకు రెక్కకింద చర్మంలోకి అర మిల్లీలీటరు ఆర్‌టూబీ. ఆర్‌టూబీ సీసా రెండువందల మోతాదులది, వంద మిల్లీలీటర్ల నీటిమందులో కలుపుతారు. కలిపిన రెండు గంటల్లోపు అయిపోవాలి, ఐసులోనే ఉండాలి. ఒక్క ఇంటి పదికోళ్లకు సీసా విప్పితే మిగతాదంతా వృథా. కాబట్టి వీధంతా ఒకే రోజు, తెల్లారి గూళ్లు తెరవకముందే వేయించుకోవాలి. కోళ్లు ఒకసారి బయటికిపోతే పట్టడం ఎవరివల్లా కాదు. టీకా వేసినా చచ్చిపోయాయని చెప్పిన చోట్ల అడిగి చూస్తే చాలాసార్లు మందు ఎండలో సైకిలు సంచిలో వచ్చి ఉండేది, లేదా అప్పటికే తెగులు పట్టిన గుంపుకు వేసి ఉండేవారు.

అమ్మవారు పోసింది అనే బొబ్బలు వానల తర్వాత. తురాయి మీద, కళ్ల చుట్టూ నల్లపొక్కులు. దోమలు మోసుకొచ్చే జబ్బు. వేపాకు, పసుపు నూరి నూనెతో రాసేవారు. పొక్కుల మీద ఈగలు వాలకుండా అది కొంత పనికొచ్చేది. కన్ను మూసుకుపోయిన కోడి మేత కనపడక చచ్చిపోతుంది గనుక దాన్ని విడిగా ఉంచి చేత్తో తినిపించడమే అసలు వైద్యం. ఆరేడు వారాల వయసులో దీనికీ టీకా ఉంది.

సంత, వాటా

కోళ్లడబ్బు ఆడవాళ్లది. ఇంట్లో ఎవరూ లెక్క అడిగేవారు కాదు. పలకలకు, గాజులకు, జ్వరం మందుకు అదే. సంతకు అరటినారతో కాళ్లు కట్టి తీసుకెళ్లేవారు. కొనేవాళ్లు రొమ్ము ఎముక తడిమి కండ చూసేవారు, వెనక ఈకల మీద ఊది పేలున్నాయేమో చూసేవారు, కాలిపొలుసులు లేచి ఉన్నాయేమో చూసేవారు. పొలుసులు లేచాయంటే కాలిగజ్జి. వేపనూనె పట్టిస్తే కొన్నాళ్లకు తగ్గుతుంది గానీ ధర మాత్రం అక్కడే పడిపోయేది.

కోడి కొనలేనివాళ్లకు వాటా ఉండేది. ఉన్నావిడ ఒక పెట్టనిస్తుంది, తీసుకున్నావిడ పొదిగించి సాకుతుంది, ఎదిగిన పిల్లల్ని చెరిసగం పంచుకుంటారు. "పిన్నీ, నీ పెట్ట ఏడింటిని లేపింది" అని ఈవిడ కబురు పెడితే, ఆవిడ వచ్చి చూసి, పిల్లి ఎత్తుకుపోయినవాటిని లెక్కలోంచి తీసేసేది. చేతిలో రూపాయి లేని ఇంట్లో ఏడాది తిరిగేసరికి సొంత మంద నిలిచేది. ఇలాంటి ఏర్పాటు పోవడం నాకు నిజంగా బాధ.

ఇప్పుడు

దొడ్లు సిమెంటు గచ్చులయ్యాయి, పెంటపోగు లేదు, కళ్లం లేదు. కోడి ఏరుకోవడానికి నేలే మిగల్లేదు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తెచ్చిన వనరాజా, గ్రామప్రియ పిల్లల్ని ఊళ్లలో పెంచుతున్నారు. నాటు పెట్ట ఏడాదికి అరవై గుడ్ల చుట్టూ పెడితే ఇవి వందకు పైనే పెడతాయి, బరువూ త్వరగా వస్తాయి. మంచి కోళ్లే. కానీ పొదుగుకు కూర్చోవు. బరువు వల్ల గద్దకు, కుక్కకు త్వరగా చిక్కుతాయి. ప్రతిసారీ పిల్లల్ని కొనాల్సిందే. అందుకని కొందరు తెలివిగా రెండు మూడు నాటు పెట్టల్ని కూడా ఉంచి, గ్రామప్రియ గుడ్లు వాటికింద పెడుతున్నారు.

పుంజు మార్పిడి మాత్రం దాదాపు పోయింది. ఒకే పుంజు ఏళ్ల తరబడి ఉంటే దాని కూతుళ్లనే తొక్కుతుంది. లేవని గుడ్లు, వంకరకాళ్ల పిల్లలు ఎక్కువవుతాయి. అందుకే రెండేళ్లకోసారి పక్కూరి చుట్టాలింటి పుంజును తెచ్చుకుని తమది వాళ్లకు ఇచ్చేవారు. తెచ్చినదాన్ని మొదట వారం రోజులు విడిగా గంప కింద ఉంచి, రెట్ట చూసి, రొంప లేదని తేలాక, చీకటిపడిన తర్వాత గూట్లో కర్రమీదికి ఎక్కించేవారు. పెట్టలు పెద్దగా గోల చేయవు. పాత పుంజు తొక్కిన ప్రభావం పెట్ట ఒంట్లో రెండు వారాలదాకా ఉంటుంది. కాబట్టి కొత్త పుంజు వచ్చిన మూడో వారం దాకా పెట్టిన గుడ్లన్నీ వంటకే వాడి, ఆ తర్వాతి గుడ్ల నుంచే పొదుగు కోసం తవుడు కుండలో దాచడం మొదలెట్టేవారు.